నేను ఆగు అన్నాను

ముందే చెబుతున్నాను, దెయ్యాల మాటలు నాకు ఎక్కవు. ఇరవై ఆరేళ్ళుగా నర్సు ఉద్యోగం చేస్తున్నాను. అందులో సగం ఐసీయూలోనే గడిచింది. "ఫలానా బెడ్ పక్కన ఎవరో నిలబడ్డారు సిస్టర్" అని కొత్తగా చేరిన అమ్మాయిలు వణుకుతూ వస్తే, ముందు మంచినీళ్ళు తాగించి, తర్వాత చివాట్లు పెట్టే మనిషిని నేను. వేళకు తినక, నిద్ర చాలక కళ్ళు తిరుగుతుంటే ఎవరికైనా ఎవరో ఒకరు కనిపిస్తారు. ప్రార్థన చేస్తాను, ఆదివారం చర్చి మానను. కానీ పోయినవాళ్ళు తిరిగొచ్చి కారిడార్లలో పచార్లు చేస్తారంటే నాకు నవ్వొస్తుంది.

నేను రాయబోయేదానిలో కూడా దెయ్యం లేదు. పోయినవాళ్ళెవరూ లేరు. ఉన్నదల్లా నేనూ, మా అబ్బాయీ, ఒక వాకీటాకీ.

మాది కృష్ణా జిల్లా. పెళ్ళయిన ఏడాదికి ఉద్యోగం కోసం ఇటు వచ్చి ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో స్థిరపడ్డాం. మా ఆయన ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. మాకు ఒక్కడే కొడుకు, సన్నీ. వాడికి ఇరవై రెండేళ్ళు. ఇక్కడే పుట్టాడు, ఇక్కడే పెరిగాడు. మేం మాట్లాడే తెలుగు మొత్తం అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. నేను తెలుగులో తిడతాను, వాడు హిందీలో సారీ చెబుతాడు. అలా మా ఇల్లు సాఫీగానే నడుస్తోంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. హిందీలో 'ఆగే' అంటే ముందుకు. ఢిల్లీ వచ్చిన కొత్తలో బస్సు కండక్టరు "ఆగే, ఆగే" అని అరిచినప్పుడల్లా నేను ఫుట్‌బోర్డు మీదే ఠక్కున ఆగిపోయేదాన్ని. వెనకవాళ్ళు తోసేసేవాళ్ళు, తిట్టేవాళ్ళు. ఎంత ఆగినా ఇంకా ఆగమంటాడేమిటా అని నాకు ఏడుపొచ్చేది. ఢిల్లీలో ఉన్న మన తెలుగువాళ్ళందరికీ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది.

సన్నీ కారు నేర్చుకునే రోజుల్లో అదే కథ తిరగబడింది. పక్కన కూర్చున్నాను. సెక్టార్ మార్కెట్ దగ్గర కూరగాయల బండి అడ్డం వస్తే "ఆగు, ఆగు!" అని అరిచాను. వాడు ముందుకు పోనిచ్చి బండి చక్రానికి గుద్దేశాడు. "ఆప్‌నే హీ తో బోలా, ఆగే!" నువ్వే కదా ముందుకన్నావు అని నా మీదే ఎగిరాడు. వారం రోజులు ముగ్గురం తల్చుకుని తల్చుకుని నవ్వుకున్నాం. మా ఆయన ఒక కాగితం మీద 'ఇచట తెలుగు మాట్లాడరాదు' అని రాసి కారు డాష్‌బోర్డుకు అంటించారు. ఆనాటి నుంచి బండిలో నేను 'స్టాప్' అనాలి, లేదా 'రోకో' అనాలి. ఆగు అనకూడదు. అది మా ఇంటి రూలు.

ఉద్యోగంలో చేరాక సన్నీకి జీపుల పిచ్చి పట్టింది. పాత జీపు ఒకటి తెచ్చి, దానికి పెద్ద టైర్లు, పైన ఇనప కమ్మీలు వేయించాడు. రోడ్డు లేని చోట రాళ్ళ మీద, బురదలో నడపడం అదో సరదా. ఇలాంటి సరదా ఉన్నవాళ్ళంతా ఒక గుంపు. చలికాలంలో శని, ఆదివారాలు ఎక్కడో టెంట్లు వేసుకుని బండ్లు నడుపుతారు. వద్దని మొత్తుకున్నాను. చెవిన పెడితేనా! వాడు వెళ్ళిన ప్రతిసారీ తిరిగొచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు.

పోయిన ఫిబ్రవరిలో వాడే నన్నూ రమ్మని అడిగాడు. "మమ్మీ, ఆప్ భీ చలో నా. ఫస్ట్ ఎయిడ్ కే లియే కోయీ నహీఁ హై." ఎప్పుడూ వచ్చే డాక్టరుకి ఈసారి వీలుపడలేదట. నాకు లోపల సంతోషమే వేసింది. కళ్ళెదురుగా ఉంటే వాడికి ఏమీ కాదని ఒక పిచ్చి ధైర్యం. ఆదివారం మా తెలుగు ఆరాధనలో పాటలు నడిపించేది మా ఆయనే కాబట్టి ఆయన రాలేనన్నారు. ఆ ఒక్క వారానికి చర్చి మానుకుని, మందుల పెట్టె సర్దుకుని నేనొక్కదాన్నే వాడితో బయల్దేరాను.

ఫరీదాబాద్ దాటాక ఆరావళి కొండల పక్కన ఎవరిదో పొలం. దాని వెనక ఎప్పుడో వదిలేసిన రాతి క్వారీ. చుట్టూ తుమ్మ తుప్పలు. ఇరవై బండ్ల దాకా వచ్చాయి. ఈ గుంపు పెద్దాయన్ను అందరూ కర్నల్ సాబ్ అంటారు, సైన్యంలో చేసి రిటైరయ్యారు. శనివారం సాయంత్రం ఆయన అందరినీ కూర్చోబెట్టి నియమాలు చెప్పారు. ప్రతి బండిలో ఒక వాకీటాకీ. అందరికీ ఒకటే చానెల్. ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతుంటే మిగతావాళ్ళు మాట్లాడలేరు, అందుకని ఊసుపోక కబుర్లు వద్దు. నాకూ ఒకటి ఇచ్చారు. "సిస్టర్ జీ, ఆప్ సిర్ఫ్ ఎమర్జెన్సీ మేఁ" అన్నారు. ప్రమాదం జరిగితే తప్ప నొక్కనని మాటిచ్చాను.

ఆ రాత్రి హాయిగా గడిచింది. రాజ్మా అన్నం తిని, రెండు రగ్గులు కప్పుకుని టెంటులో నిద్రపోయాను.

ఆదివారం పొద్దున తొమ్మిది దాటింది. మంచు విడిపోయి పల్చగా ఎండ కాస్తోంది. అందరూ టీ తాగుతున్నారు. రాళ్ళ మీద పట్టు దొరకడానికి టైర్లలో గాలి తగ్గిస్తారట, సన్నీ జీపు పక్కన గొంతుకూర్చుని ఆ పనిలో ఉన్నాడు. నేహా అని సన్నీ స్నేహితురాలు ఫోనుతో వీడియో తీస్తూ తిరుగుతోంది. నేను రెండు చేతులతో టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. నా వాకీటాకీ మందుల బల్ల మీద ఉంది.

అప్పుడు అన్ని వాకీటాకీ సెట్లూ ఒకేసారి గరగరలాడాయి. ఒక ఆడగొంతు.

"ఆగు బాబూ! ఆగు! ఆగు!"

శుభ్రమైన తెలుగు. తర్వాత ఏదో దొర్లిన చప్పుడు. కాసేపు ఎగశ్వాస. మళ్ళీ అదే గొంతు, ఏడుస్తూ. "లే నాన్నా... కళ్ళు తెరు. అమ్మనిరా. ఒక్కసారి కళ్ళు తెరు నాన్నా."

కర్నల్ సాబ్ చిరాకు పడ్డారు. చానెల్‌లో ఎవరది, ఏ భాష అది అని అడిగారు. తెలుగు అని నేనే చెప్పాను. అక్కడ తెలుగువాళ్ళం మేమిద్దరమే. దగ్గర్లో ఎక్కడో కట్టడం పనుల దగ్గర మనవాళ్ళు ఉండుంటారు, వాళ్ళ సెట్ల మాటలు ఇందులో కలిశాయి అని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. సన్నీ తలెత్తి "మమ్మీ, ఆప్‌కా తెలుగు రేడియో ఆ గయా" నీ తెలుగు రేడియో వచ్చేసిందని నవ్వాడు.

సిగ్గు విడిచి ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ యాస మా కృష్ణా జిల్లాది. ఊరుగాని ఊళ్ళో మన యాస వినబడగానే నాకు ఒక్క క్షణం సంబరమేసింది. ఆ వెంటనే జాలేసింది. ఆ తల్లెవరో, ఆ బిడ్డకేమీ కాకుండా చూడు ప్రభువా అని కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. ఇంతలో ఎవరికో జాకీ తగిలి వేలు చితికిందని పిలిస్తే అటు వెళ్ళిపోయాను. సెట్లలో ఆ తర్వాత ఏమైనా వచ్చిందో లేదో నాకు తెలియదు.

బండ్లు క్వారీలోకి దిగేసరికి పదకొండున్నర. కిందికి దిగి, అవతలి గట్టు వెంట ఏటవాలు దారిలో పైకి రావాలి. నేను ఇవతలి అంచున నిలబడ్డాను. నేహా నాకు కాస్త దూరంలో వీడియో తీస్తోంది. కింద కర్నల్ సాబ్ ఒక్కో బండికీ కుడివైపున ముందు నడుస్తూ, చేతులు ఊపుతూ, "ఆగే... ఆగే... బస్" అని, ముందుకు రమ్మనీ ఇక చాలనీ దారి చూపిస్తున్నారు. పొద్దుట్నుంచీ ఆ 'ఆగే' వినీ వినీ నా చెవులు హోరెత్తాయి.

ఏడో బండి మావాడిది. సగం దారి బాగానే ఎక్కాడు. ఒక మలుపు దగ్గర గేరు మార్చడానికి కాబోలు, క్షణం నిలిపాడు. నాకు ఎదురుగా జీపు ఎడమవైపు కనిపిస్తోంది. ముందు టైరుకు అవతల గట్టు అంచు నుంచి మట్టి జలజలా రాలడం చూశాను. రాలిన చోట కింద ఏమీ లేదు. కుడివైపున ఉన్న కర్నల్ సాబ్‌కి అది కనబడదు. సన్నీకీ కనబడదు. అంత జనంలో అది కనబడుతున్నది నా ఒక్కదానికే.

బటన్ నొక్కాను. నొక్కేటప్పుడు నాకు రూలు గుర్తుంది. స్టాప్ అనాలి. రోకో అనాలి. నోటికి వచ్చింది మాత్రం తెలుగు.

"ఆగు బాబూ! ఆగు! ఆగు!"

నా మాట నేహా చేతిలోని సెట్లోంచి గరగరమంటూ నాకే తిరిగి వినబడింది. పొద్దున విన్న గొంతు అది. ఆ తల్లి ఎవరో అప్పుడు తెలిసింది.

సన్నీ తలెత్తి నా వైపు చూశాడు. అర్థమైందన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపించాడు. తర్వాత జీపు ముందుకు కదిలింది.

అంచు విరిగింది. జీపు పక్కకు ఒరిగి, రెండు పల్టీలు కొట్టి, కింద తుప్పల్లో తలకిందులుగా ఆగింది. నేను అరిచానో లేదో గుర్తు లేదు. ఎదురుగా కనబడుతున్నాడు, కానీ వాడి దగ్గరికి వెళ్ళాలంటే క్వారీ అంతా చుట్టి దిగాలి. మందుల పెట్టె పట్టుకుని రాళ్ళ మీద పడుతూ లేస్తూ పరిగెత్తాను. అంతసేపూ నా సెట్టు బటన్ ఇరుక్కుపోయి ఉందట. నా రొప్పు, నా ఏడుపు అందరి సెట్లలోనూ వినబడుతూనే ఉన్నాయి. నా వల్ల చానెల్ బిగుసుకుపోయి, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆసుపత్రికి తీసుకెళ్ళడానికని పొలం గేటు దగ్గర ఉంచిన బండిని పిలవడానికి కూడా వాళ్ళకి కుదరలేదు. అక్కడ ఫోను సిగ్నలు లేదు. చివరికి ఎవరో పరిగెత్తుకెళ్ళి చెప్పారు.

నేను చేరేసరికి వాడిని బెల్టు కోసి బయటికి తీసి పడుకోబెట్టారు. ఒంట్లో కదలిక లేదు. ఎన్ని వందల మందికి నాడి చూసుంటాను! నా కొడుకు మణికట్టు పట్టుకుంటే నాకు ఏమీ తెలియలేదు, నా వేళ్ళే దడదడమంటున్నాయి. చదువు, సర్వీసు అన్నీ ఎటో పోయాయి. వాడి చెంపలు తడుతూ ఒక్కటే అన్నాను. "లే నాన్నా. కళ్ళు తెరు. అమ్మనిరా. ఒక్కసారి కళ్ళు తెరు నాన్నా." అంటున్నప్పుడే తెలుస్తోంది, ఈ మాటలు నేను పొద్దున విన్నాను. తెలిసీ అవే అన్నాను. వేరే మాట రాలేదు.

తెరిచాడు. తొడ ఎముక విరిగింది, భుజం దగ్గర ఇంకోటి. పైన వేయించుకున్న ఆ ఇనప కమ్మీలే తల కాపాడాయి. నేను పనిచేసే ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేశారు. మూడో రోజున కాస్త మాట్లాడగలిగాక, నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు. "మమ్మీ, ఆప్‌నే హీ తో బోలా, ఆగే."

నిందగా అనలేదు. జరిగింది చెప్పాడంతే. బాత్రూములోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చాను.

సన్నీని ఇంటికి తెచ్చుకున్నాక నేహా ఒకరోజు చూడ్డానికి వచ్చింది. వాడు లోపలి గదిలో నిద్రపోతున్నాడు. ఆ అమ్మాయి ఏదో దాచిపెట్టుకున్నట్టు ఫోను చేతిలో తిప్పుతూ కూర్చుని, చివరికి "ఆంటీ, ఏక్ చీజ్ దిఖానీ హై" ఒకటి చూపించాలి అని నా ముందూ, మా ఆయన ముందూ పెట్టింది. ఆదివారం పొద్దున టీ దగ్గర తీసిన వీడియో అది.

అందులో నేను ఉన్నాను. రెండు చేతుల్లో టీ గ్లాసు, నోరు మూసుకుని. నా సెట్టు బల్ల మీద. వెనక సన్నీ రెండు కాళ్ళ మీద గొంతుకూర్చుని టైరులో గాలి తీస్తున్నాడు. ఫోనులో టైము తొమ్మిదీ పది. అప్పుడా గొంతు వచ్చింది. మా ఆయన వెంటనే నా వైపు తిరిగారు. "ఇదేంటి సుజాతా, నీ గొంతు కదా ఇది? నువ్వేమో ఊరికే నిలబడున్నావ్!"

ఆయనకు ఒక్క మాటతో తెలిసిపోయింది. నా గొంతు బయటినుంచి వింటే ఆ పొద్దున నాకే తెలియలేదు.

నేను పొద్దున వినకుండా వెళ్ళిపోయిన ముక్క కూడా అందులో ఉంది. "కళ్ళు తెరు నాన్నా" తర్వాత చాలాసేపు గరగర. తర్వాత ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. రాళ్ళు లేవు, గాలి లేదు, ఏదో గదిలో ఉన్నట్టు. మళ్ళీ నా గొంతే. ఏడుపు లేదు, బాగా అలసిపోయినట్టుంది.

"సరే నాన్నా, వెళ్ళు."

అంతే. అక్కడితో అయిపోయింది.

"లాస్ట్ మేఁ క్యా బోలా ఆంటీ?" చివర్లో ఏమన్నారని నేహా అడిగింది. ఆ పిల్లకి తెలుగు రాదు. ఏమీ లేదన్నాను. ఆ మాట నేను ఆ రోజు అనలేదు. అంతకుముందూ అనలేదు. మా ఇళ్ళలో గడప దాటేవాళ్ళతో ఎవరూ 'వెళ్ళు' అనరు. 'వెళ్ళి రా' అంటారు. బడికి పంపేటప్పుడూ అదే, ఉద్యోగానికి పంపేటప్పుడూ అదే. సన్నీకి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నేను చెప్పింది 'వెళ్ళి రా' ఒక్కటే.

మా ఆయన ఆ వీడియో తీసేయమన్నారు. నేహా మా ఎదురుగానే చెరిపేసింది. ఇప్పుడు నా మాట తప్ప దీనికి రుజువేమీ లేదు. చెరిపించి మంచి పని చేశామో లేదో కూడా తెలియదు. కర్నల్ సాబ్‌ని అడిగితే, ఆ సెట్లలో మాటలు దాచే ఏర్పాటే లేదన్నారు. ఫోను టైము తప్పేమో అనుకుందామంటే, ఆ బొమ్మలో నా కొడుకు కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. జబ్బు కాగితాలు చదివినట్టు అటూ ఇటూ తిప్పి చూశాను. నాకు ఏ కారణమూ దొరకలేదు.

ఇదంతా జరిగి ఎనిమిది నెలలైంది. సన్నీ కొంచెం కుంటుతాడు, అంతే. ఉద్యోగానికి వెళుతున్నాడు. రోజూ పొద్దున లిఫ్టు దగ్గరినుంచి "మమ్మీ, జా రహా హూఁ" అని కేకేస్తాడు. నేను చేతిలో పని వదిలేసి గుమ్మం దాకా వెళ్ళి, 'వెళ్ళి రా' అని ఒక్కో అక్షరం విడదీసి చెబుతాను. పక్కింటావిడ నన్ను వింతగా చూస్తుంది. చూడనీ.

పోయిన వారం భోజనాల దగ్గర వాడు మెల్లగా బయటపెట్టాడు. జీపు బాగుచేయించాడట. చలికాలం రాగానే మళ్ళీ క్యాంపు ఉందట, పేరు కూడా ఇచ్చేశాడట. "మమ్మీ, ఏక్ బార్ హాఁ బోల్ దో" అన్నాడు. ఒక్కసారి సరే అను, చాలు అని. మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పైన ఫ్యాను తిరుగుతోంది.

వద్దన్నాను. ఎందుకని అడిగాడు. ఇక దాచలేక ఆ గొంతు సంగతి మొత్తం చెప్పేశాను, చివరి ముక్కతో సహా. శ్రద్ధగా విని నవ్వాడు. "ఆప్ తో భూత్ మేఁ మాన్‌తీ హీ నహీఁ థీఁ!" దెయ్యాలంటే నవ్వేదానివి కదా అని ఎగతాళి. తప్పు వాడిది కాదు, నేనైనా అలాగే నవ్వేదాన్ని.

అప్పట్నుంచీ రోజూ అడుగుతూనే ఉన్నాడు, చిన్నప్పుడు ఐస్‌క్రీముకి వెంటపడినట్టు. రోజూ వద్దంటూనే ఉన్నాను. వద్దంటే వాడికది చాదస్తంలా ఉంది. ఏదో ఒకరోజు డ్యూటీ నుంచి ఒళ్ళు హూనమై వచ్చి, పోరు పడలేక, నోరు జారతానేమోనని నాకు భయం. సరే అనలేను. వెళ్ళు అనలేను. ఆగు అందామంటే, ఆ మాట వాడికి ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు.